భూత్‌బంగ్లా నాలుగో గది

2017 ఫిబ్రవరి 11, శనివారం, సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు మొదటి బ్యాచ్‌ను లోపలికి పంపాను. మహబూబ్‌నగర్ ఎగ్జిబిషన్‌లో మా భూత్‌బంగ్లాకు అది తొమ్మిదో రోజు. బ్యాచ్‌కు ఎనిమిది మంది, ఆరు నిమిషాలకొక బ్యాచ్. గేటు దగ్గర కూర్చుని ఎవరిని ఎప్పుడు పంపానో నోటుబుక్కులో రాయడం నా పని. ఇరవై రెండేళ్లు చేశాను.

భయపెట్టడం మేం దయ్యాల సినిమాలు చూసి నేర్చుకున్నాం. ముందు చప్పుళ్లన్నీ ఆపేయాలి. పిల్లి బొమ్మ దూకితే జనం ఇంతేనా అని నవ్వుతారు. ఆ నవ్వు పూర్తికాకముందే అసలు దెబ్బ పడాలి. దీన్ని జంప్ స్కేర్ అంటారు, ఉలిక్కిపడేలా చేయడమన్నమాట. వెనక తలుపు దానంతటదే మూసుకోవాలి. నాలుగు నిమిషాలు నడిచాక, చివరిదైన నాలుగో గదిలో నేల మీది శవం మూలుగుతూ చెయ్యి చాచాలి.

ఆ శవం యాదయ్య. వయసు యాభై ఆరు. నల్లగొండ వైపు మనిషి, చిన్నప్పటి నుంచి చిందు యక్షగానంలో వేషాలు కట్టినవాడు. నేను పెట్టిన నియమం ఒకటే: వేషంలో ఉన్నంతసేపు మనిషిలా మాట్లాడకూడదు. మాట్లాడితే జనానికి భయం పోతుంది.

ఆ రోజు ముఖానికి రంగు పూసుకుంటూ అన్నాడు, "అక్కా, ఛాతిల మంట లేస్తాంది. ఒక్క ఆట ఆగుదమా?"

"మిర్చి బజ్జీలు తినకంటే విన్నవా? లైను జూడు. ఇంత మజ్జిగ తాగి పో. నీ పనే పండుకునుడాయె."

నవ్వి లోపలికి పోయాడు.

4.22కు పోయిన మూడో బ్యాచ్ నవ్వుకుంటూ బయటికొచ్చింది. "గా శవం నా కాలు పట్టుకున్నడమ్మా, ఇడుస్తలేడు" అన్నాడొకాయన. జనాన్ని తాకడం మా పద్ధతి కాదు. అయినా వాళ్ల సంతోషం చూసి ఊరుకున్నాను. ఆ బ్యాచ్ పక్కన 'బాగుంది' అని రాశాను.

4.28 బ్యాచ్‌లో కొత్తగా పెళ్లయిన పిల్ల ఒకతె బయటికొచ్చి నా దగ్గర ఆగింది. "అమ్మా, లోపల గాయన నీళ్లడుగుతుండు."

"దయ్యానికి గూడ దూపైతదానే? నడువు" అన్నాడు ఆమె భర్త.

నేనూ నవ్వాను. నియమం తప్పినందుకు యాదయ్యను తర్వాత అడగాలనుకున్నాను.

4.34 బ్యాచ్ కాలేజీ పిల్లలు. వాళ్లు సెల్‌ఫోన్‌లో తీసింది ఆ తర్వాత చూశాను, నలభై ఒక్క సెకన్లు. ఆయన మూలుగుతాడు, చెయ్యి చాస్తాడు, ఆ చెయ్యి కిందపడుతుంది. "మస్తు చేస్తుండురా" అంటాడు ఎవరో.

4.40 బ్యాచ్‌లో కోడలితో ఒక అవ్వ వచ్చింది. ఆమె సినిమాలు చూసిన మనిషి కాదట. శవం చెయ్యి చాచినప్పుడు ఏం చేయాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. వంగి నుదురు ముట్టుకుంది. కోడలిని నా దగ్గరికి పంపింది. నేను లైట్లు వేయించి పోయేసరికి యాదయ్య తల ఆమె ఒడిలో ఉంది.

"ఒళ్లంత చెమట్లు బిడ్డా. సల్లబడుతుండు. గింతమంది వోయిండ్రు, ఒక్కలన్న జూడలేదా?"

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. నొప్పి ఎప్పుడు మొదలైందని డాక్టర్ అడిగాడు. నోటుబుక్కులో 4.22 చూసి, నాలుగు నిమిషాల నడక కలిపి చెప్పాను: 4.26కు కాలు పట్టుకున్నాడు. 5.20కి యాదయ్య చనిపోయాడు. గుండెపోటు.

మనిషి సాయం అడిగే తీరులు కొన్నే ఉన్నాయి. మూలగడం, చెయ్యి చాచడం, కాలు పట్టుకోవడం. సినిమాల్లాగే మేమూ వాటిని భయపెట్టడానికి వాడుకున్నాం. మాటను నేనే నిషేధించాను. యాదయ్యకు అడగడానికి ఏమీ మిగల్చలేదు. ఆ తర్వాత నడిపిన రెండేళ్లూ ప్రతి వేషగాడి చేతి దగ్గర కరెంటు బెల్లు పెట్టించాను. అది మోగితే ఆట ఆగాలి, లైట్లన్నీ వెలగాలి.

పోయిన ప్రాణం ఒకటి. పోయిన సమయం, 4.26 నుంచి 4.44 దాకా, పద్దెనిమిది నిమిషాలు. ఆ లోపు ఆయనను దాటి వచ్చినవాళ్లు ఇరవై నలుగురు. ఇవ్వని నీళ్లు ఒక గ్లాసు.