మేమిద్దరం వేసుకున్న స్టీలు గట్టు

బాగేపల్లిలో నేను అద్దెకుంటున్న మేడమీది ఇంట్లో వంటగట్టు మీద బండ లేదు, స్టీలు రేకు ఉంది. దాన్ని వేసింది మేస్త్రీ కాదు. నేనూ, నాతోపాటు మిట్టేమరి బడిలో పాఠాలు చెప్పిన ఒక అక్కా కలిసి వేసుకున్నాం. ఆ అక్క ఇప్పుడు ఇక్కడ లేదు.

మా ఇద్దరికీ ఉద్యోగం ఒకే ఏడాది వచ్చింది. నాది చింతామణి దగ్గర పల్లె. ఆమెది కర్ణాటకకు ఆ కొసనున్న బీదరు. నాకన్నా నాలుగేళ్లు పెద్దది, కన్నడం మాట్లాడే మనిషి. వచ్చినప్పుడు తెలుగు ఒక్క ముక్క రాదు. బడిపిల్లలు ఇళ్లలో మాట్లాడేది తెలుగే కాబట్టి వాళ్ల దగ్గర కొంత, నా దగ్గర కొంత నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి "యాడికి పోతాండావు?" అని నన్నే అడిగేది.

ఇంటి ఓనరమ్మ వంటగదిలో రెండు పొట్టి ఇటుకగోడలు కట్టించి, పైన బండ పరిపించకుండానే మాకు ఇల్లిచ్చింది. అడిగినప్పుడల్లా "వచ్చే నెల వేయిస్తాంలేమ్మా" అనేది. మేం స్టవ్వు నేలమీద పెట్టుకుని వండేవాళ్లం. అక్కకు నడుమునొప్పి. జొన్నరొట్టెలు కాల్చాక గోడ పట్టుకుని గానీ లేవలేకపోయేది. ఒకరోజు అలా లేస్తూనే అంది:

"ఆయమ్మ వేయించేలోగా నేను ముసల్దాన్నవుతా. మనమే వేసుకుందాం పా."

"మనకేం తెలుసక్కా ఆ పని?"

"చేస్తే తెలుస్తాది."

బండ కొనే స్తోమత మాకు లేదు. ఒక ఆదివారం చిక్కబళ్ళాపురలో పాత ఇనుప సామాన్ల అంగడికి పోయాం. మూతబడ్డ హోటలు నుంచి వచ్చిన స్టీలు రేకొకటి గోడకు ఆనించి ఉంది. అంగడాయన దానిమీద అయస్కాంతం పెట్టి చూపించాడు. అంటుకోకుండా జారిపోయింది. "సూడండమ్మా, తుప్పు పట్టే సరుకు కాదు" అన్నాడు.

రేకును చాపలా చుట్టి తాడు కట్టి బస్సెక్కించాం. కండక్టరు అడ్డం నిలబడ్డాడు.

"ఇదేందమ్మా, దీన్ని యాడ పెట్టేది?"

"మా ఒళ్లో పెట్టుకుంటామప్పా" అంది అక్క.

ఆయన నవ్వి వెనక సీటు చూపించాడు. బాగేపల్లి చేరేదాకా ఆ చివర ఆమె, ఈ చివర నేను, మధ్యలో చంటిబిడ్డలా ఆ రేకు.

అడుగున వేయడానికి వీధి చివర కడుతున్న ఇంటి దగ్గర పాత సెంట్రింగు పలక దొరికింది. రేకు ఒక్కటే వేస్తే గిన్నె పెట్టినప్పుడల్లా దబదబమంటుందని, కింద చెక్క ఉండాలని అంగడాయనే చెప్పాడు. తర్వాత ఎత్తు దగ్గర వాదన. గట్టు మోచేతికి జానెడు కిందుండాలట. ఆమె పొడుగు, నేను పొట్టి. నీ మోచేతికే అని ఆమె, నీ నడుము కోసమే కదా అని నేను. చివరికి నా మాటే నెగ్గింది. గోడల మీద ఇంకో రెండు వరసల ఇటుకలు పెట్టాం.

అంచు వంచడమే కష్టమైంది. సుద్దముక్కతో గీత గీసి, రేకును రెండు ఇనుపబద్దల మధ్య బిగించి, కొయ్యసుత్తితో ఈ చివరినుంచి ఆ చివరికి మెల్లగా కొడుతూ పోవాలి. మాకు తెలియక మొదట గట్టిగా కొట్టాం. ఆ సొట్టలు అలాగే ఉండిపోయాయి. మూల కత్తిరిస్తుంటే అక్క అరచెయ్యి తెగింది. నా చున్నీతో కట్టు కట్టాను. తర్వాత అంచులన్నీ ఆకురాయితో నున్నగా రాసింది నేనే.

చప్పుడు విని ఓనరమ్మ భర్త పైకొచ్చాడు. "టీచరమ్మలు రేకుల పని కూడా చేస్తాండారే!"

"నీళ్లు కూడా మేమే మోస్తాండామప్పా. మోటరు బాగుచేయించు" అంది అక్క. ఆయన వచ్చిన దారినే దిగిపోయాడు.

జిగురు పూసి రేకు అంటించి, పైన రాగుల మూట, దిద్దాల్సిన నోటుపుస్తకాలు, గ్రైండరు బరువు పెట్టాం. మర్నాడు అక్క నిలబడి రొట్టె తట్టింది. నేను గట్టు చివర ఎక్కి కూర్చుని వేడివేడిగా తిన్నాను. రెండేళ్లు మా సాయంత్రాలన్నీ ఆ గట్టు దగ్గరే గడిచాయి.

ఆమెకు బీదరులోనే సంబంధం కుదిరింది. సొంత జిల్లాకు బదిలీ కోరుతూ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ వెబ్‌సైటు ఆమెకు అర్థం కాలేదు. నేనే కూర్చుని నింపాను. బదిలీ రాకూడదని లోపల కోరుకుంటూనే, ఒక్క తప్పు లేకుండా నింపాను. మొదటిసారికే వచ్చింది.

వెళ్లే ముందురోజు సామాను కడుతూ అంది, "పైన రెండు వరసలు తీసేద్దాం. గట్టు నీ ఎత్తుకొస్తాది."

"వద్దులే అక్కా."

"రోజూ పీట మీద నిలబడి వండుకుంటావా?"

నేను పీట తెచ్చి గట్టు ముందు వేసుకున్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

బడిలో పిల్లలు చాన్నాళ్లు "బీదరు మేడం ఎప్పుడొస్తాది?" అని అడిగారు. మొదట్లో "వస్తాదిలే" అనేదాన్ని. తర్వాత నిజం చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఫోను చేస్తే ఆమె వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు పిలుస్తూనే ఉండేవాళ్లు.

పోయిన వేసవి సెలవుల్లో బీదరు పోయాను. వాళ్లింట్లో అందరూ బాగా చూసుకున్నారు. వంటగదిలో ఎప్పుడూ ముగ్గురు ఆడవాళ్లు. చుట్టాన్ని కదా, నన్ను గరిటె కూడా ముట్టుకోనివ్వలేదు. రెండు రోజులున్నా మేమిద్దరం పది నిమిషాలు విడిగా మాట్లాడుకున్నది లేదు.

మూడోరోజు నన్ను సాగనంపడానికి ఆమె ఒక్కతే, భుజాన నిద్రపోతున్న బిడ్డతో, బస్టాండుకు వచ్చింది. సిమెంటు బెంచీ మీద కూర్చున్నాక అడిగింది.

"ఇంటికి పోయి ఏం వండుకుంటావు?"

"ఏదో ఒకటి. చారు."

"ఒక్క చారేనా?"

అంతలో బస్సొచ్చి ఆగింది. నేను లేవలేదు.

"ఇది పోతే ఇంకో గంటదాకా లేదు" అంది.

"తర్వాత దానికి పోతాలే అక్కా."

ఆమె బిడ్డను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని, నాకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.