పద్నాలుగో సిస్టమ్‌లో నా పేరు

మా వెబ్ సార్ పోయారన్న కబురు పోయిన వారం మా బ్యాచ్ గ్రూపులో వచ్చింది. నేను నమ్మలేదు. ఎవరు పెట్టారు, ఎవరు చెబితే పెట్టారు అని ఆరా తీసి, చివరికి తాడేపల్లిగూడెంలో వాళ్లింటికే ఫోన్ చేశాను. "అవునమ్మా, పొద్దున్నే పోయారు" అన్నారు సార్ భార్య. విన్నదాన్ని విన్నట్టు నమ్మకపోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చిన ఆలోచన చెప్పాలంటే సిగ్గుగా ఉంది. ఇక ఆ ప్రశ్న నన్ను అడిగేవాళ్లు లేరనుకున్నాను.

ఏలూరులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఆయన మాకు వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్పారు. నలుగురేసి జట్టుగా ఒక వెబ్‌సైట్ చేయాలి. మార్కులు మాత్రం ఎవరివి వాళ్లకే. జట్టు అన్న మాట వింటేనే ఆయనకు అనుమానం మొదలయ్యేది. "నలుగురం సమానంగా చేశామంటే నేనస్సలు నమ్మనండి. బీరువా మోసేటప్పుడు చూడండి, ఒకడు ఊరికే చెయ్యి ఆనించి నడుస్తుంటాడు" అనేవారు క్లాసులో. మేం చేసింది చూడకముందే లాగ్ తెరిచేవారు. ఎవరు ఏ మార్పు ఎప్పుడు చేశారో పేరుతో సహా అందులో ఉంటుంది. అదీ చాలక ఒక్కొక్కళ్లనే గదిలోకి పిలిచి, ఏదో ఒక పేజీలో ఒక లైను చెరిపేసి, "ఇప్పుడు బాగుచెయ్యమ్మా" అనేవారు. మార్కెట్లో మొప్ప ఎత్తి చూడనిదే చేప బేరమాడని మనిషి. మమ్మల్నీ అలాగే చూసేవారు.

ఇంకో అలవాటు ఉండేది. జట్టులో మిగతావాళ్లు ఏం చేశారో చీటీ రాసివ్వాలి. మన గురించి మనం రాసుకోకూడదు. చక్కగా రాసిన చీటీని ఆయన రెండోసారి చదివేవారు. అన్నీ అయ్యాక, మేం తలుపు తీయబోతుంటే వెనకనుంచి ఒకే మాట అడిగేవారు. "ఇంకేమైనా ఉందా అమ్మా?"

మా జట్టు వెబ్‌సైట్ కలిదిండి వైపు చేపల చెరువుల రైతుల కోసం. చెరువు నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే గ్రాఫ్‌లో గీత ఎర్రగా మారాలి. ఆ గ్రాఫ్ పేజీ మొత్తం రాసింది కొల్లేటికోట అమ్మాయి. వాళ్ల నాన్న చెరువుల మీద కాపలా ఉండేవారు. గాలి అందక చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలడం చిన్నప్పట్నుంచీ చూసిన పిల్ల. గీత ఎప్పుడు ఎర్రబడాలో మాలో తనకే తెలుసు. తనకు ల్యాప్‌టాప్ లేదు. రోజూ క్లాసులయ్యాక ల్యాబ్‌లో పద్నాలుగో సిస్టమ్ దగ్గర కూర్చుని, తాళం వేసేదాకా రాసేది.

ఆ సిస్టమ్‌లో మొదటిరోజు ప్రాజెక్టు తెరిచింది నేను. నా పేరు, నా ఈమెయిల్ పెట్టి, తీయడం మరిచిపోయి, తర్వాత ఇంట్లో నా ల్యాప్‌టాప్ మీద పనిచేసుకున్నాను. దాంతో ఆ అమ్మాయి రాసిందంతా లాగ్‌లో నా పేరు మీద పడింది. పరీక్షకు వారం ముందు అది నా కంటబడింది. మొదట భయం వేసింది. చెబుదాంలే, ఇంకా టైముంది కదా అనుకున్నాను. రెండు రోజులాగి ఆ పేజీ తెరిచి, ప్రతి లైనూ చదివి బట్టీ పట్టాను. దొంగనయ్యింది అక్కడే.

సార్ నా ముందు ఆ పేజీలోనే ఒక లైను చెరిపారు. సరిచేశాను.

"నువ్వే రాశావా అమ్మా?"

"అవునండి."

నా చీటీ తీసి, ఆ అమ్మాయి గురించి నేను రాసింది పైకి చదివారు. "రంగులు, బొమ్మలు చూసుకుంది." కళ్లజోడు మీదనుంచి నన్ను చూశారు. "రంగులేనా?"

"అవునండి."

"ఇంకేమైనా ఉందా అమ్మా?"

"లేదండి."

జట్టుకొకరికి ఆయన ఉద్యోగం కోసం సిఫారసు ఉత్తరం రాసేవారు. ఎవరికి రాశారో మూడో మనిషికి తెలియనిచ్చేవారు కాదు. మా జట్టులో అది నాకొచ్చింది. నా మొదటి ఉద్యోగం దానితోనే వచ్చింది. కొల్లేటికోట అమ్మాయి కైకలూరులో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే కొట్టులో చేరిందని విన్నాను.

ఏటా క్రిస్మస్‌కి సార్ ఇంటికి వెళ్లేదాన్ని. కేకు పట్టుకెళితే "చేశావా, కొన్నావా?" అని ముక్క తుంపి వాసన చూసేవారు. నవ్వుకునేవాళ్లం. బయలుదేరేటప్పుడు మాత్రం గేటు దగ్గర ఆ మాట అడిగేవారు. తెలిసి అడుగుతున్నారా, అలవాటా? ఒకసారి గ్యాస్ బండ తెచ్చినతన్నీ "ఇంకేమైనా ఉందా బాబూ?" అన్నారు. హమ్మయ్య, అలవాటే అనుకున్నాను. దారిలో మళ్లీ అనుమానం. అతన్ని అడిగినప్పుడు బండ సీలు వైపు చూశారు. నన్ను అడిగినప్పుడు నా వైపే చూశారు.

ఇవాళ నా దగ్గర పనిచేసేవాళ్ల పని చూడాల్సి వస్తే, లాగ్ ఒక్కటీ చూసి తేల్చను. ఎవరు ఏ సిస్టమ్ మీద కూర్చున్నారని అడుగుతాను. అందులో సార్ చదువుంది, నా తప్పూ ఉంది. ఆయనకు రుణపడి ఉన్నాను. ఆ మాట కూడా ఆయనకు సరిగ్గా చెప్పలేదు.

మొన్న సార్ కోసం వాళ్లింట్లో పెట్టిన ఆదరణ కూడికకు వెళ్లాను. ప్రార్థన అయ్యాక వరండా బెంచీ మీద నా పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. కొల్లేటికోట అమ్మాయి.

"ఆ రోజు సార్ నన్నూ అడిగారు, గ్రాఫ్ ఎవరు రాశారని" అంది. "నువ్వేనని చెప్పాను."

"అలా ఎందుకు చెప్పావు?"

"స్క్రీన్ నిండా నీ పేరే ఉంటే, నేను రాశానంటే ఎవరు నమ్ముతారు? దొంగనంటారేమోనని భయమేసింది." చేతిసంచీ ఒళ్లో సర్దుకుంది. "ఒక్కటి చెప్పు. కావాలనే పెట్టావా నీ పేరు?"

"పెట్టింది కావాలని కాదు. తెలిశాక ఊరుకున్నాను. తెలిసే ఊరుకున్నాను."

రోడ్డు మీద ఏలూరు బస్సు హారన్ కొట్టింది. సంచీ భుజాన వేసుకుని లేచింది. ఉత్తరం సంగతి తనకు తెలియదు. చెప్పకపోతే ఇక ఎప్పటికీ తెలియదు.

రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూసింది.

"ఇంకేమైనా ఉందా?"

"ఉంది" అన్నాను.

వచ్చి మళ్లీ కూర్చుంది. సంచీ మా ఇద్దరి మధ్యన పెట్టింది. గేటు ముందునుంచి బస్సు వెళ్లిపోయింది.