ఏడు సున్నుండలు, ఒక కంచరగాడిద, గ్రాండ్ కాన్యన్

పోయినేడాది అక్టోబరులో గ్రాండ్ కాన్యన్ దక్షిణపు ఒడ్డున, ఒక కౌంటర్ పక్కనున్న తూకం మీద నిలబడితే రెండు వందల తొమ్మిది పౌండ్లు చూపించింది. కంచరగాడిద మీద లోయ అడుగుకు తీసుకెళ్ళే రైడ్‌కి బట్టలు, బూట్లు, జాకెట్‌తో సహా రెండు వందలు దాటకూడదు. కౌంటర్‌లో మనిషి మర్యాదగానే చెప్పాడు, ఒడ్డు వెంబడే తిప్పి తెచ్చే రైడ్ ఉంది, దానికి బరువు పరిమితి ఇంకాస్త ఎక్కువ, అందులో సర్దుతానని. నా వెనక వరసలో పదిమంది నిలబడి వింటున్నారు. నాకు ఒడ్డు అక్కర్లేదు. పద్నాలుగేళ్ళ కిందట మాస్టర్స్ చదివే రోజుల్లో స్నేహితులతో ఇక్కడికి వచ్చినప్పుడు అందరూ లోయలోకి దిగారు. నేను మోకాళ్ళ నొప్పులని చెప్పి బ్యాగులకు కాపలా కూర్చున్నాను. వాళ్ళు తిరిగొచ్చేసరికి అందరి కోసం తెచ్చిన స్నాక్స్ సంచీ మొత్తం ఖాళీ చేశాను. ఆ సంగతి వాళ్ళు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. నేనూ నవ్వుతాను గానీ, నవ్విన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది.

అందుకే ఈ ఏడాది మళ్ళీ వెళ్ళాను. ఈ రైడ్ ఏడాదికి పైగా ముందే నిండిపోతుంది, లాటరీ పద్ధతి. ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ చోటు దొరుకుతుంది కాబట్టి నేను నెలల తరబడి పొద్దున్నే ఫోన్ చేసి విసిగించి సంపాదించాను. భోజనం, బసతో కలిపి పన్నెండు వందల డాలర్ల పైచిలుకు అయింది. ఈ మధ్యలో పది నెలల పాటు తీపితో పోరాటం నడిచింది. ఆఫీస్ పాంట్రీలో ఉచితంగా పెట్టే చాక్లెట్ల గిన్నె దగ్గరికి పోకుండా చుట్టు తిరిగి ప్రింటర్‌కి వెళ్ళడం నేర్చుకున్నాను. సాయంత్రం నాలుగింటికి వచ్చే కోరిక ఇరవై నిమిషాలు ఉంటుందని, ఆ ఇరవై నిమిషాలూ ఎలాగోలా గడిపితే అదే పోతుందని తెలుసుకున్నాను. వేయించిన శనగలు, మజ్జిగ, ఒక ఏలక్కాయ, ఇవే నా ఆయుధాలు. బయల్దేరే ముందు రోజు ఇంట్లో బూట్లూ జాకెట్‌తో సహా తూగితే నూట తొంభై తొమ్మిది ఉన్నాను.

కాలిఫోర్నియాలోని మా ఫ్రీమాంట్‌లో పొద్దున నాలుగున్నరకు కారు తీశాను. తోడు మా పిన్ని. అరవై నాలుగేళ్ళ మనిషి, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది, ఎక్కడికి రమ్మన్నా చీర మార్చుకుని వచ్చేస్తుంది. ఒళ్ళో స్టీలు డబ్బా. మూత తీయకముందే నెయ్యి వాసన కారంతా కమ్ముకుంది. మినప సున్నుండలు, బెల్లంతో చేసినవి. ప్రపంచంలో నేను కాదనలేని తిండి ఏదైనా ఉంటే అది అదే.

"శుభమా అని బయల్దేరుతున్నాం, నోరు తీపి చేసుకోవే" అంది పిన్ని, ఒక ఉండ నా చేతిలో పెడుతూ.

"పిన్నీ, నేనెక్కడికి వెళ్తున్నానో తెలుసుగా?"

"తెలుసు. గాడిదనెక్కడానికి. దానికింత తపస్సా? ఒక్క ఉండకి ఏమవుతుంది?"

ఈ ఒక్క ఉండ గురించి పది నెలలుగా వాదించాను. ఇదే పిన్ని పెళ్ళిళ్ళలో "మా వాణి మరీ లావైపోయింది" అని నలుగురిలో అంటుంది, అదే నోటితో "ఇంకోటి వేసుకో" అంటుంది. ప్రతి 'వద్దు'కీ అరగంట చర్చ. ముందు పదమూడు గంటల రోడ్డుంది, అన్ని చర్చలు నా వల్ల కాదు. అందుకని "సరే పిన్నీ" అన్నాను. ఆవిడ సీటు బెల్టు సర్దుకుంటుంటే ఉండని టిష్యూలో చుట్టి జాకెట్ జేబులో వేశాను. నోట్లో ఏలక్కాయ వేసుకుని, దాన్నే సున్నుండ నమిలినట్టు నమిలాను. మోసమే, ఒప్పుకుంటాను. కానీ ఆ మోసం చేసినందుకు నాకేమీ సిగ్గు లేదు.

ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకు చెబుతున్నాను. ఐదో నంబరు ఫ్రీవే మీద దక్షిణానికి దిగి, యాభై ఎనిమిది పట్టుకుని బేకర్స్‌ఫీల్డ్, టెహాచపీ కొండలు, మొహావీ మీదుగా బార్‌స్టో చేరాలి. అక్కణ్ణుంచి నలభై మీద నేరుగా తూర్పుకి. బేకర్స్‌ఫీల్డ్‌లో ఎనిమిదిన్నరకు కాఫీ కోసం ఆగాం. కాఫీతో పాటు రెండో ఉండ వచ్చింది, అదీ జేబులోకే వెళ్ళింది. బార్‌స్టోలో పదకొండుకు కారులో పెట్రోలు పోసుకుని బంకు కొట్టు లోపలికి వెళ్తే, అప్పుడే తీసిన డోనట్లు గాజు పెట్టెలో వరసగా ఉన్నాయి. పిన్ని ఇచ్చేవాటితో పేచీ పిన్నితో. ఇక్కడ మాత్రం నాతో నాకే పేచీ. ఎవరూ బతిమాలడం లేదు, ఎవరూ చూడటం లేదు, పిన్ని కారులో కునుకు తీస్తోంది. చెయ్యి పటకారు దాకా వెళ్ళింది. నోట్లో నీళ్ళూరాయి, ఏడుపు కూడా వచ్చినంత పనైంది.

కౌంటర్ దగ్గరి పెద్దావిడ నా వైపు చూసి, "మేపుల్‌ది ఇంకా వేడిగా ఉంది, ఒకటి పెట్టమంటావా?" అని అడిగింది.

"మీ రెస్ట్‌రూమ్ తాళం ఇవ్వండి చాలు" అన్నాను.

నా గొంతు ఎంత కటువుగా వచ్చిందో ఆవిడ మొహం చూస్తే తెలిసింది. ముఖం కడుక్కుని వచ్చి సారీ చెప్పి, ఒక నీళ్ళ సీసా కొని బయటపడ్డాను. కారు స్టార్ట్ చేశాక పావుగంట సేపు గట్టిగా ఎక్కాలు చదివాను. పిన్ని లేచి, పిచ్చెక్కిందా అన్నట్టు చూసి మూడో ఉండ ఇచ్చింది.

నీడిల్స్ దగ్గర కొలరాడో నది దాటుతుంటే "నది దాటుతున్నాం, మంచిది" అని నాలుగోది. సాయంత్రం నాలుగుకి కింగ్‌మన్ చేరి తొంభై అయిదు డాలర్ల మోటెల్‌లో దిగాం. పక్కనే ఉన్న చిన్న డైనర్‌లో ఆమ్లెట్ తిన్నాం. అడగకుండానే వంటావిడ స్వయంగా ఆపిల్ పై ముక్క తెచ్చి ముందు పెట్టింది. ఇవాళ మిగిలిపోయిందట, డబ్బులక్కర్లేదట.

"వద్దండీ, రేపు నన్ను తూస్తారు" అన్నాను.

"ఎవరు? డాక్టరా?"

"కాదు, కంచరగాడిదల వాళ్ళు."

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ పళ్ళెం పిన్ని ముందుకు జరిపి, "నువ్వు దిగి తిరిగొచ్చేటప్పుడు ఇక్కడ ఆగు. నీ కోసం కొత్తది కాలుస్తా" అంది. వద్దన్నాక బతిమాలని మనిషిని పది నెలల్లో మొదటిసారి చూశాను.

మర్నాడు పొద్దున మోటెల్ గదిలో ఐదో ఉండ. విలియమ్స్ దగ్గర అరవై నాలుగో నంబరు రోడ్డు మీదికి ఉత్తరంగా తిరిగి, కారుకు ముప్ఫై అయిదు డాలర్లు కట్టి, పార్కులోకి వెళ్ళేసరికి పదకొండు. లోయ కనిపించగానే పిన్ని రెండు చేతులూ జోడించింది. తర్వాత డబ్బా తీసి ఆరోది ఇచ్చింది. కౌంటర్ ఉన్న భవనం మెట్లెక్కుతుంటే "మంచి పనికి వెళ్తున్నావు" అంటూ ఏడోది. ఎండా చలీ కలిసిన గాలికి జాకెట్ జిప్పు పైదాకా లాక్కుని లోపలికి వెళ్ళాను.

కౌంటర్‌లో పోయినేటి మనిషే. రేపు రైడ్‌లో వేసుకునేవన్నీ వేసుకునే తూగాలని చెప్పి పక్కకు తప్పుకున్నాడు. ఎక్కాను. రెండు వందల పాయింట్ ఆరు.

పది నెలల మజ్జిగ, ప్రింటర్ చుట్టూ తిరిగిన తిరుగుళ్ళు, బార్‌స్టోలో చదివిన ఎక్కాలు, అన్నీ ఆ సున్నా పాయింట్ ఆరు కింద పడి నలిగిపోయినట్టనిపించింది. "బూట్లు విప్పనా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. కోపంతో రెండు చేతులూ జేబుల్లో దోపుకున్నాను. వేళ్ళకు టిష్యూలు తగిలాయి.

"ఒక్క నిమిషం" అన్నాను.

ఒకటి తీసి కౌంటర్ మీద పెట్టాను. రెండు. మూడు. టిష్యూల్లోంచి నెయ్యి ఊరి మరకలయ్యాయి. అతను వంగి వాసన చూశాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు. నేను మాత్రం పిన్ని వైపే చూస్తున్నాను. నాలుగు, ఐదు, ఆరు, ఏడు.

"నువ్వు తిననే లేదా?" అంది పిన్ని.

"తినలేదు పిన్నీ. ఒక్కటి కూడా."

"నమిలావుగా!"

"ఏలక్కాయ."

పిన్ని మొహం చిన్నబోయింది. నాకు బాధేసింది, కానీ సారీ చెప్పలేదు. చెప్పాల్సిన తప్పు నేను చేయలేదు. ఆవిడ ఏడింటినీ ఒక్కొక్కటిగా హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. తర్వాత నా భుజం మీద చెయ్యేసి తూకం వైపు నెట్టింది.

"చూస్తావేం? ఎక్కు మళ్ళీ."

నూట తొంభై తొమ్మిది పాయింట్ ఎనిమిది. పిన్ని ఆ అంకెని తన ఫోన్‌లో ఫోటో తీసింది.

రైడ్ సంగతి కొంచెమే చెబుతాను, ఎందుకంటే అది చూస్తేనే తెలుస్తుంది. పొద్దున ఏడుకి కంచరగాడిదల్ని కట్టే రాతి దొడ్డి దగ్గర చేరాలి. నా కంచరగాడిద పేరు రూబీ. మలుపు తిరిగిన ప్రతిసారీ తల లోయ మీదికి చాచి గడ్డి కోసం చూసేది. నేను కళ్ళు మూసుకుని ఎక్కాలు చదివాను. దిగడానికి అయిదున్నర గంటలు పట్టింది. వంతెన దాటి అడుగున ఉన్న క్యాబిన్లకు చేరేసరికి తొడలు నావి కావు. సాయంత్రం చిక్కుడు గింజల కూర, జొన్న రొట్టె లాంటి కార్న్ బ్రెడ్, ఒక చాక్లెట్ కేక్ ముక్క పెట్టారు. కేక్ రెండు ముద్దలు తిన్నాను, బాగుంది. మూడో ముద్దకి నిద్ర ముంచుకొచ్చింది. మిగతాది పళ్ళెంలోనే వదిలేసి పోయి పడుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం పైకి వచ్చేసరికి పిన్ని ఒడ్డున రాతిగోడ మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి, ఒళ్ళంతా తడిమింది. ఆకలేసి, నేనే నోరు తెరిచి అడిగాను.

"పిన్నీ, ఒక సున్నుండ ఇవ్వు."

"లేవే" అంది పిన్ని, హ్యాండ్‌బ్యాగ్ వెనక్కి దాచుకుంటూ. "నిన్న ఆ మొదటి మలుపు దగ్గర కనపడకుండా పోయావు చూడూ, అప్పుడొకటి తిన్నా. తర్వాత కింద చీమల్లా ఏవో కదులుతుంటే నువ్వేమోనని ఇంకోటి. రాత్రి గదిలో ఒక్కదానికీ ఏం తోచక మిగతావి. డబ్బాలో కూడా ఏం లేవు."

పద్నాలుగేళ్ళ కిందట ఇదే ఒడ్డున ఒక సంచీ పట్టుకుని నేనూ ఇలాగే కూర్చున్నాను. నేను తిండిపోతునని అందరూ అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. అది ఆకలి కాదు, నన్ను వదిలేసి వాళ్ళంతా దిగుతున్నారన్న దిగులు. పిన్ని ఇచ్చిన ప్రతి ఉండలోనూ నాకేమవుతుందోనన్న భయం ఉందని కూడా అప్పుడే తెలిసింది. తెలిసినా, రేపు ఇంకో ఉండ ఇస్తే వద్దనే అంటాను. నేను సన్నబడలేదు. వచ్చే పెళ్ళిలోనూ ఎవరో ఒకరు లావయ్యానంటారు. అననివ్వండి. నాకు సన్నటి నడుము కోసం కాదు ఈ గొడవంతా. లోయ అడుగున నా కాళ్ళతో నిలబడటం కోసం, అది అయింది. కారు ఎక్కాక పిన్ని ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. విలియమ్స్ దగ్గరపడుతుంటే కిటికీలోంచి చూస్తూ అడిగింది.

"ఆ గాడిదకి ఎంతలోపు ఉండాలన్నాడే? నేనెంతుంటానంటావ్?"

మీరూ వెళ్ళేటట్టయితే ఒకటే మాట. తూకం ఎక్కే ముందు జేబులు ఖాళీ చేసుకోండి. తోడుగా మీ పిన్ని కూడా వస్తుంటే, లాటరీలో ఆవిడ పేరూ కలిపి రాయండి.