మైసూరు అడవిలో పులిని చూసిన సంగతి

మా బావకు కన్నడం వచ్చని గద్వాల నేతగాళ్ల వాడలో అందరూ నమ్మేవారు. రాయచూరుకు నాలుగుసార్లు చీరలు తీసుకెళ్లాడు మరి. మా చీరలు కొనే మైసూరు వ్యాపారి ఒకాయన, వస్తే అడవిలో పులిని చూపిస్తానని కబురు పంపాడు. బావ ఉన్నాడన్న ధైర్యంతో నేనూ రైలెక్కాను. నలభైల మొదట్లో సంగతి అది, నాకు ఇరవై రెండేళ్లు. అప్పటిదాకా నేను చూసిన అడవి జంతువల్లా మా మగ్గం గుంటలో దూరిన ఉడుము ఒక్కటే.

అడవి పక్క ఊళ్లో దిగేసరికి చెట్లు కొత్త, వాన కొత్త, మాట కొత్త. వ్యాపారి మమ్మల్ని సత్రంలో భోజనానికి కూర్చోబెట్టి, అడవి జవానును పిలవడానికి వెళ్లాడు. వంటాయన గుమ్మంలోంచి అడిగాడు.

"హుళి బేకా?"

బావ ముఖం పాలిపోయింది. "పులి కావాల్నా అని అడుగుతుండు," అన్నాడు నాతో.

తిన్నాక చూస్తామని చెప్పమన్నాను. బావ ఎట్లాగో చెప్పాడు. ఇప్పుడైతేనే 'బిసి'గా ఉందని వంటాయన పట్టుబట్టాడు.

"మస్తు వేడి మీదుందంట," అన్నాడు బావ.

"కట్టేసిన్రో లేదో జర అడుగు బావా."

బావకు కన్నడం అక్కడితో అయిపోయింది. చేతులతో తాడు ముడి వేసి చూపించాడు. వంటాయన అయోమయంగా చూసి లోపలికి పోయాడు. మేం విస్తళ్లు వదిలేసి గోడవార ఉన్న బల్ల ఎక్కి నిలబడ్డాం.

ఆయన గిన్నె పట్టుకొచ్చాడు. అందులో పప్పు పులుసు, వంకాయ ముక్కలు. అప్పుడే తిరిగొచ్చిన వ్యాపారి, పులిని హులి అంటారని, పులుసును హుళి అంటారని నవ్వు ఆపుకుంటూ విడమరిచాడు. రాయచూరులో అయితే సారు అంటారని బావ గొణిగాడు. నేను మూడుసార్లు పోయించుకున్నాను.

మధ్యాహ్నం జవాను మమ్మల్ని నీటిగుంట పక్కన చెట్టు మీది మంచె ఎక్కించాడు. చాలాసేపటికి జవాను, కునుకు తీస్తున్న బావ మోచెయ్యి తాకి, "హులి" అన్నాడు మెల్లగా.

"సాకు, ఇంక చాలు, కడుపు నిండింది," అన్నాడు బావ, కళ్లు తెరవకుండానే.

అది పొదల్లోంచి వచ్చి నీళ్లు తాగింది. నాకు భయం కూడా గుర్తు రాలేదు, దాని చారలే చూస్తూ ఉండిపోయాను. ఎడమవైపు చారకూ కుడివైపు చారకూ పొత్తే లేదు. అట్లా నేస్తే మా నాయన మగ్గం మీదే విప్పించేవాడు. అది మాత్రం ఆ చారలతోనే దర్జాగా మా చెట్టు వైపు ఒకసారి చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

గద్వాలకు వచ్చాక, పులిని మొదట చూసింది తానేనని బావ వాడంతా చెప్పాడు. నేను కాదనలేదు. ఎంతైనా మా అక్క మొగుడు.