మేస్త్రిగారి మేకుకి నా వల

"మేస్త్రిగారు పోయారండి" అని మా డ్రైవరు వచ్చి చెప్పినప్పుడు నేను ఒక పిల్లవాడి గొంతులో టార్చిలైటు వేసి చూస్తున్నాను. పొద్దున్నే కాఫీ తాగి, షెడ్డు తాళాలు పట్టుకుని గుమ్మం దిగుతూ కూలబడిపోయారట. ఆయన గుండె సంగతి నాకు తెలియనిది కాదు. మూడేళ్ళుగా మందులు రాస్తున్నది నేనే. అయినా ఆ మాట విన్నాక, నోరు తెరుచుకుని కూర్చున్న పిల్లవాణ్ణి అలాగే వదిలేసి గోడకేసి చూస్తూ ఉండిపోయాను. "అమ్మా, ఇంక మూసెయ్యమంటారా?" అని వాళ్ళమ్మ అడిగేదాకా.

పెద్దాపురం వెళ్ళే రోడ్డు పక్కన ఆయనది కార్లు బాగుచేసే రేకుల షెడ్డు. బోర్డు కూడా ఉండేది కాదు. నేను ఆయన్ని మొదటిసారి చూసింది మంచి కోపంలో ఉండగా. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మావాళ్ళంతా అంటారు గానీ, ఆ రోజు అది ఇంకాస్త పైకెక్కింది.

మా ఊళ్ళకి సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులవి. నా అంబాసిడర్‌కి ఒక వింత జబ్బు పట్టుకుంది. రోడ్డు మీద పోతున్నంతసేపూ బుద్ధిగా ఉండేది. ఎక్కడైనా ఆగి, ఇంజను నడుస్తూ ఉంటే చాలు, వేడి చూపించే ముల్లు పైపైకి పాకేది. ఒక మెకానిక్ థర్మోస్టాట్ మార్చాడు. ఇంకొకాయన రేడియేటరులో సోడా పోసి కడిగాడు. జబ్బు మాత్రం అలాగే ఉంది. నేను మాత్రం నా డయాగ్నసిస్ ఎప్పుడో చేసేశాను. డ్రైవరు నీళ్ళు సరిగ్గా పొయ్యడం లేదు, అంతే.

ఒక మధ్యాహ్నం నెలలు నిండిన ఒకామెకి బీపీ పెరిగిపోతే, నా కారులోనే కాకినాడ బయల్దేరదీశాను. దారిలో రైలు గేటు పడింది. గేటు ఎప్పుడు లేస్తుందో, ఇంజను ఆపొద్దని నేనే అన్నాను. పది నిమిషాలకి బానెట్ సందుల్లోంచి పొగలు, కింద కుతకుతమని నీళ్ళు. వెనకసీట్లో ఆమె మూలుగుతోంది. దేవుడి దయవల్ల వెనక ఒక వ్యాను ఉంది. అందులోకి మార్చి తీసుకెళ్ళాం. తల్లీ బిడ్డా దక్కారు. కానీ ఆ గేటు దగ్గర, నలుగురూ చూస్తుండగా, నేను డ్రైవరుని అనరాని మాటలన్నాను. "ఒక ప్రాణం పోయేదయ్యా నీ నిర్లక్ష్యానికి. రేపట్నుంచి రావద్దు" అన్నాను. అతను తల వంచుకుని నిలబడ్డాడు. ఒక్కసారి ఏదో అనబోయాడు, అననివ్వలేదు.

మూడోనాడు, నాకు డ్రైవింగు వచ్చని నేను నమ్ముతున్న రోజులు కనక, కారు నేనే తోలుకుంటూ మేస్త్రిగారి షెడ్డుకి వెళ్ళాను. ఆయన బానెట్ ఎత్తలేదు. చేతిలో పానా కూడా లేదు.

"మీ డ్రైవరు ఏమంటాడండీ?" అన్నారు ముందుగా.

"డ్రైవరు లేడండి. నన్నడగండి" అని కారు జబ్బు వరసంతా చెప్పాను.

"కూర్చునేవాళ్ళకి తెలీదండి డాక్టరమ్మగారూ. తోలేవాళ్ళు చెప్పాలి" అన్నారు, నొప్పించాలని కాదు, మామూలుగా. తర్వాత ఇంజను ఆపొద్దని చెప్పి, నాకొక స్టూలు వేసి, రెండు టీలు తెప్పించారు. కారు పక్కన చెక్కపెట్టె మీద కూర్చుని తాపీగా టీ తాగుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోతోంది. అవతల రోగులున్నారు.

"ఏం చూడట్లేదేంటండీ?" అన్నాను.

"చూస్తన్నానండి. జబ్బు రానివ్వండి మరి. రాకుండా ఎలా తెలుస్తాది?"

ముల్లు పైకెక్కడం మొదలయ్యాక లేచారు. "కదిలితే చల్లబడతాది, ఆగితే మరుగుతాది అన్నారు కదండీ. అయితే నీళ్ళ తప్పు కాదండి. గాలి తప్పు. పరిగెడుతుంటే గాలి దానంతటదే తోసుకొస్తాది. ఆగినప్పుడు పాపం ఫ్యానొక్కటే లాక్కోవాలి." ఫ్యాను బెల్టు వేలితో నొక్కి చూశారు. బిగువుగానే ఉంది. అప్పుడు తను చదువుతున్న పేపర్లో ఒక షీటు చింపి, కారు ముందు గ్రిల్లుకి ఆనించి వదిలారు. ఫ్యాను బాగా లాగుతుంటే కాగితం గ్రిల్లుకి అతుక్కోవాలట. అది జారి కింద పడింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ పడింది.

నాలుగు స్క్రూలు విప్పి గ్రిల్లు పక్కన పెట్టారు. లోపల ఆకుపచ్చ నైలాను వల. ధాన్యం పొట్టు, దుమ్ము, చచ్చిన పురుగులు పట్టి దుప్పటిలా తయారైంది.

ఆ వల కట్టింది నేనే.

కోతల కాలంలో మా వైపు తారురోడ్డంతా ధాన్యం ఆరబోస్తారు. కార్లూ బస్సులూ దాని మీదుగానే పోవాలి. ఆ పొట్టు ఎగిరి రేడియేటరులో దూరుతోందని, భీమవరం దగ్గర మా అన్నయ్య రొయ్యల చెరువు గట్టుకి కట్టే సన్నకన్నాల వల ముక్క ఒకటి తెచ్చి, నా తెలివికి నేనే మురిసిపోతూ కట్టాను. ఆ వారంలోనే డ్రైవరు అన్నాడు కూడా. "అమ్మగారూ, అది తీసేద్దామండి, గాలాడట్లేదేమోనండి" అని. "నువ్వు నీళ్ళు సరిగ్గా పొయ్యి చాలు" అన్నాను.

ఇదంతా మేస్త్రిగారికి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన నవ్వలేదు. వల విప్పేసి, గ్రిల్లు బిగించి, కాగితం మళ్ళీ పెట్టారు. ఈసారి అతుక్కుని అలాగే నిలబడింది. "మీ డ్రైవరబ్బాయికి మీ నోటితోనే చెప్పండి. నేను చెప్పకూడదండి" అన్నారు. వల పారెయ్యమంటే, "గట్టి సరుకండి, పారెయ్యడమెందుకు" అని కిరసనాయిలులో ఉతికి, పనిముట్ల పక్కన మేకుకి తగిలించారు.

నేను డ్రైవరుకి కబురు పెట్టాను. వచ్చాడు. "కారు బాగైంది, రేపట్నుంచి రా" అన్నాను. అంతే అన్నాను. వల మాట ఎత్తలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు పదేళ్ళయింది.

ఈ పదేళ్ళలో మేస్త్రిగారు నాకు బాగా దగ్గరివారయ్యారు. వేడి రేడియేటరు మూత ఎవరైనా తియ్యబోతే గసిరేవారు. తడి గోనెపట్టా కప్పి, "కోపం తగ్గనివ్వండి దానికి" అనేవారు. ఆ మాట అన్నప్పుడు నా వైపు చూసేవారు కాదు గానీ, నాకు తగిలేది. షెడ్డుకి వెళ్ళినప్పుడల్లా మేకు మీద ఆకుపచ్చ వల కనబడేది. దానితోనే కిరసనాయిలు వడగట్టుకునేవారు. నా పక్కనే మా డ్రైవరు నిలబడి ఉండేవాడు. చెప్పానా లేదా అని ఆయన ఒక్కసారీ అడగలేదు. అడిగితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

మూడేళ్ళ కిందట నా ఆసుపత్రికి వచ్చి బల్ల మీద కూర్చుని, "నాది మీ కారు జబ్బుకి తిరగేసిన జబ్బండి. ఆగితే బావుంటన్నాను, కదిలితే ఆయాసం" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూనే స్టెతస్కోపు తీశాను, తర్వాత నవ్వలేకపోయాను. ఆ రోజు ఆయన చెప్పిందంతా చివరిదాకా విన్నాను. మధ్యలో అడ్డుపడకుండా వినడం నేను ఆయన షెడ్డులోనే నేర్చుకున్నాను. నాకు చదువు చెప్పిన పెద్ద పెద్ద ప్రొఫెసర్లు ఏమనుకున్నా సరే, ఇది నిజం.

పెద్దకర్మ నాడు నేనూ, డ్రైవరూ వెళ్ళాం. భోజనాలయ్యాక వాళ్ళబ్బాయి మమ్మల్ని షెడ్డులోకి తీసుకెళ్ళాడు. పానాలన్నీ తుడిచి వరసగా పెట్టి ఉన్నాయి. మేకు మీద వల అలాగే ఉంది.

"ఇదెక్కడిదని ఎన్నిసార్లడిగినా నాన్న చెప్పలేదండి. దాని మనిషి వస్తారు, అక్కడే ఉండనీ అనేవారు. ఎవరిదో మీకేమైనా తెలుసాండి?" అన్నాడు.

 డ్రైవరు నా పక్కనే తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాడు. అతని జుట్టు నెరిసిపోయింది.

"నాదే బాబూ" అన్నాను. తర్వాత డ్రైవరు వైపు తిరిగాను. "నువ్వు తీసెయ్యమని చెప్పావు. నేను వినలేదు. ఆ రోజు గేటు దగ్గర కారు మరిగింది దీనివల్ల. నీ తప్పు లేకుండా నలుగురిలో నిన్ను తిట్టాను. తప్పు నాదయ్యా."

అతను వలకేసి చూశాడు. తువ్వాలుతో మొహం ఒకసారి తుడుచుకున్నాడు.

"కారు ఎండలో ఉందండి. నీడకి పెట్టొస్తాను" అన్నాడు.

కారు వేపచెట్టు నీడలోనే ఉంది. అతను వెళ్ళి తలుపు వేసుకుని కూర్చుని ఇంజను స్టార్ట్ చేశాడు. నేనూ, ఆ అబ్బాయీ షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. చాలాసేపటిదాకా కారు కదల్లేదు. ఇంజను మాత్రం ఎక్కడా తడబడకుండా నడుస్తూనే ఉంది.