బొట్టు పెట్టిన మెషిన్

ధర్మయ్య మెషిన్‌కు చెవి ఆనించి ఢిల్లీలో ఏ మూల వాన పడుతోందో చెప్పగలడని ఆర్.కె. పురంలో ఒక ప్రతీతి. పుట్టించింది నేనే. అబద్ధం పాపమని కాన్వెంటులో సిస్టర్లు మోకాళ్ల మీద నిలబెట్టి మరీ నేర్పారు కాబట్టి నేను అబద్ధమాడను. ఉన్నదాన్ని కాస్త సాగదీస్తాను, అంతే.

ఉన్నది ఇది. మా ఎదురింటి ధర్మయ్య వసంత్ కుంజ్‌లో పక్షుల కూతలు భద్రపరిచే ఒక చిన్న సంస్థలో పదకొండేళ్లుగా కంప్యూటర్లు చూసుకుంటున్నాడు. యమున ఒడ్డున చెట్లకు కట్టిన మైకులు విన్నదంతా నెట్‌వర్కు మీదుగా అతని గదిలోని పాత లినక్స్ మెషిన్‌లోకి చేరుతుంది. మధ్యాహ్నాలు అతను లైటు వెయ్యకుండా, కళ్లు మూసుకుని స్పీకరు వింటూ కూర్చునేవాడు. నీళ్లు, రెల్లుగడ్డిలో గాలి, ఎక్కడో దూరంగా ఒక కొంగ. ఆ గదిలో అరగంట కూర్చుంటే చెప్పులు తడిసేవి. నావి రెండుసార్లు తడిశాయి.

ఆయుధపూజకు ఆపిన ఆ మెషిన్‌ను దసరా మర్నాడు ఆన్ చేస్తే గది మూగగా ఉండిపోయింది. మంచుకొండలు దాటి బాతులు దిగే వారం అది. మెషిన్ బాగానే లేచింది కానీ నెట్‌వర్కు కార్డు దగ్గర చిన్న దీపం వెలగలేదు. ధర్మయ్య కేబుల్ మార్చాడు. గోడ దగ్గర సాకెట్ మార్చాడు. చివరికి నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ బజారు నుంచి కొత్త కార్డు తెప్పించి పాతదాని చోట పెట్టాడు. అదీ పలకలేదు.

మేనేజరు రఘువీర్ తెలుగువాడే, పుట్టి పెరిగింది ఢిల్లీలో. గుమ్మంలో నిలబడి తేల్చేశాడు.

"కొత్త కార్డు కూడా చల్ నహీ రహా అంటే బోర్డే పోయింది అంకుల్. ఐదింటికి పాత సామాను కొనే కబాడీవాలా వస్తాడు, ఇచ్చేద్దాం."

"మరి నేను సార్?"

"ముందున్న ఆఫీసులో కూర్చోండి. ఏసీ ఉంది, చాయ్ ఉంది."

"పక్షులో?"

"వచ్చే ఏడు కొత్త మెషిన్ కొన్నాక చూద్దాం."

ధర్మయ్య మళ్లీ తన కుర్చీలో కూర్చున్నాడు. స్పీకర్లోంచి ఏమీ రావడం లేదు. కిటికీ బయట పొగమంచు లాంటి ఎండ. ఏ చప్పుడూ లేని ఆ గది అతనికి నీళ్లు తీసేసిన చెరువులా అనిపించిందట.

మూడింటికి భార్య సరోజ ఫోన్ చేసింది. ఆమెది కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా ఉద్యోగం. ఆ రోజు సెలవులో ఉంది. వేసవిలోనే వాళ్లకు పక్క క్వార్టరు కేటాయిస్తే అందులోకి మారారు.

"ఏవండీ, సిలిండరు మళ్లీ పాత క్వార్టరుకే వెళ్లిందండీ. తాళం చూసి వెనక్కి పట్టుకుపోయాడు."

"నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా?"

"ఉన్నానండీ. తలుపు వేసుకుని లోపలే ఉన్నాను. వాడి కాగితంలో మన పాత నంబరు మూడు వందల పన్నెండనే ఉందట. పక్క తలుపు కొడితే వాడి సొమ్మేం పోయింది?"

 ధర్మయ్య చూపు మెషిన్ వెనక ఎర్రగా ఉన్న బొట్టు మీద ఆగింది.

పూజ రోజున కార్డు పీకి, దుమ్ము దులిపి, కార్డులు గుచ్చే గడుల్లో ఖాళీ అయిన మూడోదాని అంచున గంధం రాసి కుంకుమ పెట్టింది అతనే. తడి ఆరలేదు. బొట్టు చెరపడానికి చెయ్యి రాక కార్డును పక్కనున్న నాలుగో గడిలో పెట్టాడు. కొత్త కార్డునూ అక్కడే పెట్టాడు. ఆ మెషిన్ కార్డుకు పేరు పెట్టేది అది కూర్చున్న గడి నంబరును బట్టి. సెట్టింగుల ఫైలులో ఉన్నది మూడో గడి పేరు. మెషిన్ రోజంతా ఆ ఖాళీ గడినే పిలుస్తోంది.

"ఏవండీ, ఉన్నారా?"

"ఉన్నాను. పక్క తలుపు కొట్టి చూస్తాను" అని ఫోన్ పెట్టేశాడు.

మెషిన్‌లో ఏ కార్డులున్నాయో చూపమని కమాండ్ కొట్టాడు. నాలుగు నంబరు పేరుతో కార్డు నిక్షేపంగా ఉంది, ఎవరూ అడగక ఊరుకుంది. దాన్ని పాత గడిలోకి మార్చవచ్చు. బొట్టు చూసి, మార్చలేదు. ఫైలులో మూడు చెరిపి నాలుగు రాసి, నెట్‌వర్కు మళ్లీ మొదలుపెట్టాడు. దీపం వెలిగింది.

ముందు గాలి వచ్చింది. తరవాత నీళ్లు. తరవాత చాలా ఎత్తు నుంచి, ఒకదాన్నొకటి పిలుచుకుంటూ, బాతులు దిగడం మొదలైంది.

రఘువీర్, అతని వెనక త్రాసు పట్టుకున్న కబాడీవాలా గుమ్మంలోనే ఆగిపోయారు. కబాడీవాలా త్రాసు నేల మీద పెట్టి పైకప్పు వైపు చూశాడు. కాసేపటికి రఘువీర్ మెల్లగా, "భయ్యా, ఆజ్ నహీ" అని కబాడీవాలాను పంపేశాడు. తరవాత ధర్మయ్య వైపు తిరిగాడు.

"ఏం పోయింది అంకుల్?"

"ఏమీ పోలేదు సార్. ఇల్లు మారింది."

ఆ సాయంత్రం బస్సు దిగిన ధర్మయ్య భుజం మీద బూడిదరంగు ఈక ఉంది. నేను చూశాను. దిండులోదని సరోజ అంటుంది, అననివ్వండి. అతను ఇంట్లోకి వెళ్లకుండా పాత క్వార్టరు తలుపు మీద ఒక కాగితం అంటించాడు. హిందీలో రాశాడు: పక్క తలుపు కొట్టండి, ఇంట్లోనే ఉన్నాం.