రిజిస్టరులో లేని ప్రశ్న

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, ఉప్పల్ బ్రాంచి నుంచి నాచారం ఆసుపత్రికి నన్ను సీనియర్ ఫిజియోథెరపిస్టుగా మార్చారు. ఎముకల డాక్టరు చూసి పంపినవాళ్లకు వ్యాయామం చేయించడం మా విభాగం పని.

ఆటల్లో దెబ్బలు తగిలినవాళ్లకు అక్కడ వేరే రిజిస్టరు ఉండేది. పేరు, వయసు, ఆట, దెబ్బ అని నాలుగు గళ్లు. తిరగేస్తుంటే కుతూహలం పుట్టింది. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు భుజం, నడుము నొప్పులతో వస్తున్నారు. చాలామంది క్రికెట్ కోచింగుల్లో బౌలర్లు. నలభై దాటినవాళ్లు ఆదివారం మ్యాచ్ ఆడి, సోమవారం పొద్దున కుంటుతూ వస్తున్నారు. పెద్దల దెబ్బలకు వయసే కారణమని తేల్చేసుకున్నాను.

ఆగస్టులో కాప్రా నుంచి రూతమ్మ వచ్చింది. యాభై ఆరేళ్లు, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. చర్చి మహిళల పోటీల్లో త్రోబాల్ ఆడుతుంటే పిక్క కండరం చీలింది. నడక కుదిరాక, ఈ వయసులో ఇక ఆట వద్దని చెప్పి, కార్డు మీద అదే రాయబోయాను. ముప్పై ఏళ్లుగా మిషను ముందు కూర్చున్న తనకు ఆ ఆట ఎంతో బాగుందని చెప్పింది. మానమంటే మానుతుందట, కారణం మాత్రం సరిగ్గా చెప్పమంది.

"మా టీముల నాకంటే పెద్దామె ఉంది మేడం, అరవై రెండేండ్లు. రోజూ ఆడుతది, ఆమెకేం కాలే. నేను బడి ఇడిసినంక మల్ల బంతి ముట్టింది గా పోటీలల్లనే. నా వయసు రాసుకున్నరు, ఇది రాసుకున్నరా?"

రాసుకోలేదు. కార్డు పక్కన పెట్టాను.

మర్నాడు రిజిస్టరులో ఐదో గడి గీశాను: ఇంతకు ముందు ఎప్పుడు ఆడారు? సోమవారం వచ్చేవాళ్లలో చాలామంది కాలేజీ రోజుల్లో అన్నారు. భుజం నొప్పితో వచ్చిన పదమూడేళ్ల అమ్మాయి మాత్రం ఇదేం ప్రశ్న అన్నట్టు తల్లి వైపు చూసి, "పొద్దుగాల్నే ఆడిన" అంది. ఆదివారాలు కూడా కోచింగేనని తల్లి చెప్పింది. డాక్టరుతో మాట్లాడి ఆ అమ్మాయి బౌలింగు కొన్ని వారాలు ఆపించాను.

రూతమ్మకు మడమలెత్తే వ్యాయామం, తర్వాత మెల్లని పరుగు, ఆఖరున బంతి. ఒక్క రోజూ తప్పలేదు. డిసెంబరు పోటీల్లో ఆడింది. జట్టు ఓడిపోయింది కానీ పిక్క పట్టలేదు.

వయసు అడగకుండానే కనిపిస్తుంది, అందుకే తప్పంతా దాని మీద వేయడం సులువు. ఒంటికి ఎంత అలవాటుందో, ఎంత విశ్రాంతి దొరికిందో అడిగితేగాని తెలియదు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో అది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.